సరుగుడు రెమ్మ పైన్ ఆకు కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పైన్ ఆకుల టీని ఇంట్లో కాచుకునే విధానం గురించి వచ్చిన చిన్న వ్యాసం చదివాను. దాదాపు ముప్ఫై ఏళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తరువాత భీమునిపట్నంలో స్థిరపడినదాన్ని. టీ కాచే పద్ధతిపై నా అభ్యంతరం తరువాత చెబుతాను. దగ్గుకూ జలుబుకూ మంచిదని, విటమిన్ సి ఉంటుందని, గుప్పెడు పైన్ ఆకులు తెచ్చుకుని నీళ్లలో వేసుకోమని చెప్పిన ఆ వ్యాసం, పైన్ అంటే ఏ చెట్టో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో మాత్రం చెప్పలేదు. ఆ లోటు మా వీధిలోనే ఎంత దూరం వెళ్లిందో చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పక్కింటి అమ్మాయి గురువారం ఉదయం నన్ను పిలిచింది. వాళ్ల మామగారికి పది రోజులుగా దగ్గు తగ్గడం లేదు. పొయ్యి మీద స్టీలు గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. అందులో జానెడు పొడవున్న పచ్చని సన్నటి రెమ్మలు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, నీరు అప్పటికే ఇటుకరంగుకు తిరిగింది. పక్కన గట్టు మీద మీ పత్రిక కాగితం మడిచి పెట్టి ఉంది. "పిన్నిగారూ, బీచ్ రోడ్డు పక్క తోటలోంచి కోసుకొచ్చామండి. మంచి సువాసన వస్తుందని రాశారు గానీ, ఏ వాసనా రావడం లేదేంటండీ?" అని ఆమె అడిగింది. వాసన రాకపోవడానికి కారణం ఒక్కటే. ఆ గిన్నెలో ఉన్నది పైన్ కాదు, సరుగుడు.

ఆమె అజ్ఞానమని దీన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో పెరిగే సరుగుడును, కొన్ని జిల్లాల్లో సరివి అనీ సర్వి అనీ పిలిచే ఆ చెట్టును, దూరం నుంచి చూసినవారెవరైనా పైన్ అనే అనుకుంటారు. నిలువుగా పెరిగే మాను, గాలి వీస్తే ఈలలాంటి హోరు, సూదుల్లాంటి ఆకులు, పైగా కొమ్మలకు చిన్న చిన్న గరుకు కాయలు ఉంటాయి. అయితే ఆ సూదులు ఆకులే కావు, పచ్చగా ఉండే సన్నని రెమ్మలు. వాటి మీద కణుపు కణుపుకూ వలయంగా అమరిన, కంటికి ఆనీ ఆననట్టుండే పొలుసులే అసలైన ఆకులు. తీరప్రాంతంలో పెరిగిన వారికి చిన్ననాటి ఆట ఒకటి గుర్తుండే ఉంటుంది. రెమ్మను ఒక కణుపు దగ్గర ఊడదీసి, మళ్లీ అతికినట్టు పెట్టి, ఎక్కడ విరిచానో చెప్పుకో అని అవతలివారిని అడిగేవాళ్లం. పైన్ ఆకుతో ఆ ఆట ఆడలేము, దానికి కణుపులు ఉండవు. ఆ అమ్మాయి గిన్నెలోంచి ఒక రెమ్మను గరిటెతో తీసి, చల్లార్చి, ఆమె చేతనే కణుపు ఊడదీయించాను. అక్కడితో ఆమెకు అనుమానం తీరిపోయింది. సరుగుడు బెరడులో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ, తోళ్లు పదును పెట్టడానికి దాన్ని వాడతారు. నీటికి వచ్చిన ఆ ఎర్రరంగు చూడగానే నాకు తట్టింది కూడా అదే. సరుగుడు విషమని నేను అనడం లేదు. దగ్గుతో బాధపడుతున్న వృద్ధుడికి, గిన్నెలో ఏముందో తెలియకుండా పోసే పానీయం కాకూడదని మాత్రమే అంటున్నాను.

మరి పైన్‌ను ఎలా గుర్తించాలి? ఆకు మొదలు చూడాలి. పైన్ సూదులు ఒక్కొక్కటిగా కొమ్మకు అంటుకుని ఉండవు. రెండో మూడో అయిదో కలిసి ఒక చిన్న కట్టగా, మొదట్లో గోధుమరంగు పలుచని తొడుగులోంచి బయటికి వస్తాయి. కొన్ని జాతుల్లో ఆ తొడుగు త్వరగా రాలిపోతుంది గానీ కట్ట మాత్రం విడిపోదు. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో విస్తారంగా పెరిగే చీర్ పైన్‌కు మూడేసి సూదులు, జానెడుకు పైగా పొడవు. అంతకంటే ఎత్తున పెరిగే కైల్ అనే పైన్‌కు అయిదేసి. షిల్లాంగ్ వైపు ఉండే ఖాసీ పైన్‌కు మళ్లీ మూడేసి. ఏ జాతిదైనా సరే, ఒక సూదిని నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే టర్పెంటైన్‌నూ నిమ్మతొక్కనూ కలిపినట్టుండే ఘాటు వాసన వచ్చి తీరాలి. ఆ వాసన పైనీన్, లిమొనీన్ వంటి ఆవిరయ్యే నూనెలది. దక్షిణ భారతంలో పైన్ సహజంగా పెరగదు. అనంతగిరి, అరకు, లంబసింగి వైపు వెళ్లినవారు ఫొటోలు దిగే పైన్ తోటలన్నీ నాటి పెంచినవే. విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లిన ప్రతిసారీ, రాలిన సూదుల కట్టను అరచేతిలో పెట్టి లెక్కపెట్టించడం నా అలవాటు. అవి అటవీ భూములు కనుక, పచ్చి కొమ్మలు విరుచుకుని రావడానికి అనుమతి ఉండదన్న సంగతి కూడా మీ వ్యాసం చెప్పి ఉండవలసింది.

సరుగుడుతో అయ్యే పొరపాటు పెద్దగా హాని చేయకపోవచ్చు. అన్ని పొరపాట్లూ అలా ఉండవు. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మే మొక్క చాలావరకు అరౌకేరియా, అది పైన్ కుటుంబానికే చెందదు. అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కంచెలాగా, విసనకర్ర ఆకారంలో పెంచే తూజాను మోర్‌పంఖీ అని పిలుస్తారు. దాని ఆకు నలిపితే నిజంగానే ఘాటు వాసన వస్తుంది కాబట్టి వాసన పరీక్షలో అది మనల్ని మోసం చేయగలదు. తూజా నూనెలోని థూజోన్ అనే పదార్థం మోతాదు మించితే మూర్ఛలు తెప్పిస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది యూ చెట్టు. మన జిల్లాల్లో అది పెరగదు గానీ, సిమ్లాకో కశ్మీరుకో విహారయాత్రకు వెళ్లి, అక్కడినుంచి ఆకులు మూటకట్టి తెచ్చుకునేవారు ఉన్నారు. దాని ఆకులు చదునుగా, కొమ్మకు రెండు వైపులా దువ్వెన పళ్లలా అమరి ఉంటాయి, రెజిన్ (చెట్టు బంక) వాసన రాదు, ఆడ చెట్టుకు ఎర్రటి గుజ్జు చుట్టుకున్న గింజలు కాస్తాయి. ఆ ఆకుల్లోని టాక్సీన్ అనే విషపూరిత ఆల్కలాయిడ్లు గుండె లయనే దెబ్బతీస్తాయి, వాటికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆ జాతికే చెందిన అమెరికా చెట్టు బెరడు నుంచి క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ వచ్చిందని విని, ఆకు కూడా మేలు చేస్తుందని భ్రమపడేవారు తారసపడుతుంటారు. బెరడు నుంచి వేరుచేసి, శుద్ధిచేసి, వైద్యుని పర్యవేక్షణలో ఎక్కించే మందు వేరు, గిన్నెలో కాచిన ఆకు కషాయం వేరు.

పేర్ల గందరగోళం దీనికి తోడవుతోంది. మన పత్రికల్లో పైన్‌ను అనువదించేటప్పుడు అలవాటుగా దేవదారు అని రాసేస్తున్నారు, మీ వ్యాసంలోనూ ఒకచోట అలాగే వచ్చింది. హిమాలయాల్లోని అసలు దేవదారు సెడ్రస్ జాతి, దాని పొట్టి సూదులు గుత్తులుగా వస్తాయి. మన రాయలసీమ కొండల్లో దేవదారు అని పిలిచేది ఎరిత్రాక్సైలమ్ జాతికి చెందిన వేరే చిన్న చెట్టు, దానికి వెడల్పాటి ఆకులుంటాయి. బెంగాలీలు దేబ్‌దారు అనేది ఇంకొకటి, మన వీధుల్లో పొడవుగా పెంచే, అందరూ అశోక చెట్టని పిలుచుకునే నరమామిడి. సంస్కృత వైద్య గ్రంథాల్లో చీర్ పైన్‌కు సరళ అనే పేరు విడిగా ఉంది. దగ్గుకు ఇచ్చే తాళీసాది చూర్ణంలోని తాళీసపత్రం సంగతి ఇంకా చిక్కు. ఆయుర్వేద ఫార్మకోపియా (ఔషధ ప్రమాణ గ్రంథం) ప్రకారం అది ఏబిస్ అనే ఫర్ చెట్టు ఆకు, కానీ పచారీ అంగళ్లలో అదే పేరుతో యూ ఆకు కూడా చలామణీ అవుతూ వచ్చింది. కాబట్టి ఆకుల వైద్యం గురించి రాసేటప్పుడు తెలుగు పేరు ఒక్కటి చాలదు. శాస్త్రీయ నామం తెలుగు లిపిలోనైనా సరే పక్కన వేయాలి. దీన్ని పాండిత్య ప్రదర్శన అనుకోవద్దు. పాఠకురాలి పొయ్యి మీద ఏది ఉడుకుతుందో తేల్చేది ఆ నామమే.

ఈ పానీయానికి చరిత్ర ఉందన్న మాట నిజం, ఆ చరిత్రలో కూడా చెట్టు గుర్తింపే అసలు ప్రశ్న కావడం విశేషం. 1535–36 చలికాలంలో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే బృందం కెనడాలోని ఇప్పటి క్యుబెక్ నగరం దగ్గర మంచులో చిక్కుకుపోయింది. విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ జబ్బుతో, ఉన్న 110 మందిలో 25 మంది మరణించారు. చిగుళ్లు కుళ్లి, కాళ్లు వాచి మిగిలినవారు కూడా లేవలేని స్థితిలో ఉండగా, స్థానిక ఇరోక్వాయన్ తెగకు చెందిన దొమగాయా అనే యువకుడు ఒక చెట్టు ఆకులూ బెరడూ కాచి తాగమని చెప్పాడు. వారం తిరక్కుండానే ఒక పెద్ద చెట్టును మోడు చేసేశారని, రోగులు కోలుకున్నారని కార్టియే రాసుకున్నాడు. స్థానికులు అన్నెద్దా అని పిలిచిన ఆ చెట్టు ఏదన్నదానిపై ఈనాటికీ పండితులకు ఏకాభిప్రాయం లేదు. తూజా అని ఎక్కువమంది అంటారు, ఫర్ అని కొందరు, పైన్ అని కొందరు. ఆనాడు గట్టున పడేసిన మనిషి ఆ అడవిలో పుట్టి పెరిగినవాడు, చెట్టును చూపించగలిగినవాడు. మన దగ్గర ఆ స్థానంలో ఉన్నది ఫోన్‌లో వచ్చిన రెండు నిమిషాల వీడియో. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా లెనిన్‌గ్రాడ్‌ను దిగ్బంధించినప్పుడు, ఆ నగర శాస్త్రవేత్తలు పైన్ సూదుల నుంచి విటమిన్ సి రసం తీయించి ఆసుపత్రులకూ కర్మాగారాలకూ పంపారు. పండూ కూరగాయా దొరకని నగరం కనుక వారికి గత్యంతరం లేకపోయింది. భీమునిపట్నంలో జామపండు దొరకని రోజు నేను చూడలేదు.

విటమిన్ సి గురించే మాట్లాడుకుందాం. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పురుషునికి రోజుకు 80 మిల్లీగ్రాములు, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఉసిరికాయ సంగతి చెప్పనక్కరలేదు. పైన్ ఆకులో ఎంత ఉంటుందన్నది జాతిని బట్టి, ఆకు వయసును బట్టి, ఋతువును బట్టి మారుతుంది. అందులోంచి నీటిలోకి దిగేది కొంతే, వేడికి నశించేది మరికొంత. మీ వ్యాసంలో అరగంట మరిగించమని రాశారు. అంతసేపు కాస్తే పెరిగేవి చేదూ రంగూ, ఏ విటమిన్ పేరు చెప్పి తాగమన్నారో అది గణనీయంగా తగ్గిపోతుంది.

చెట్టు పైన్ అని నిర్ధారణ అయిన చోట, ఉదాహరణకు నైనిటాల్‌లోనో షిల్లాంగ్‌లోనో నివసించే తెలుగు కుటుంబాలు, ఇలా చేసుకోవచ్చు. రోడ్డు పక్క దుమ్ము పట్టినవి, పురుగుమందు కొట్టినవి వదిలేసి, పచ్చని లేత సూదులు కోయాలి. మొదట్లోని గోధుమరంగు తొడుగు గిల్లి పారేసి, రెండుమూడుసార్లు కడిగి, కత్తెరతో అంగుళం ముక్కలు చేయాలి. కప్పుకు ఒక టేబుల్ స్పూను ముక్కలు చాలు. నీరు మరిగాక పొయ్యి ఆపి, అప్పుడు ముక్కలు వేసి మూత పెట్టాలి. మూత పెట్టకపోతే సువాసన అంతా వంటింట్లోకి పోతుంది, కప్పులో మిగలదు. అయిదు నుంచి పది నిమిషాల తరువాత వడకడితే లేత పసుపుపచ్చ రంగులో, కొద్దిగా పులుపూ వగరూ కలిసి ఉంటుంది. తేనె కలుపుకోవాలనుకుంటే కాస్త చల్లారాక కలపవచ్చు. పదేళ్ల క్రితం ఉత్తరాఖండ్‌లో మా విద్యార్థిని ఇంట నేను తాగినది ఇలాంటిదే. నాకు రుచించింది, రెండో కప్పు అడిగి మరీ తాగాను. ఆ వేడికీ ఆవిరికీ గొంతు హాయిగా అనిపించింది. అయితే ఆ హాయి మిరియాల కషాయంలోనూ దొరుకుతుంది. పైన్ టీ జలుబును నయం చేస్తుందని వైద్య పరీక్షల్లో నిరూపణ కాలేదు.

కొరియాలో దీన్ని సొలిప్‌చా అంటారు. అక్కడ మందుగానూ చెప్పుకుంటారు, ఇంటి పానీయంగానూ తాగుతారు. శరత్కాలపు చుసొక్ పండుగకు చేసే సొంగ్‌ప్యొన్ అనే బియ్యప్పిండి కుడుములను పైన్ సూదులు పరిచి వాటి మీద ఆవిరికి పెడతారు. పనసాకు దొన్నెల్లో పొట్టిక్కలు వండే మన కోనసీమవారికి ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కొరియావారు తరతరాలుగా వాడుతున్నది తమ కొండల మీది ఎర్రపైన్. ఏ చెట్టన్న సందేహం వారికి రాదు. కొరియా సీరియళ్లు చూసి మన పిల్లలు ఆ టీ అడుగుతున్నారంటే నాకు సంతోషమే. ఆన్‌లైన్‌లో కొనే ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, మొక్క శాస్త్రీయ నామం రెండూ ఉన్నాయో లేదో చూసుకోమని మాత్రం చెబుతాను.

గర్భిణుల విషయంలో మీ వ్యాసం మౌనంగా ఉండడం నన్ను ఎక్కువగా బాధించింది. పశ్చిమ అమెరికాలో పాండరోసా పైన్ సూదులు మేసిన చూడి ఆవులు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ఈచుకుపోవడం పశుపాలకులకు చిరకాలంగా తెలిసిన సంగతి. దానికి కారణమైన ఐసోక్యుప్రెసిక్ ఆమ్లాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు కూడా. ఆవుకు జరిగినట్టే మనిషికి జరుగుతుందని నేను చెప్పను. కానీ కడుపుతో ఉన్నవారు దీన్ని ముట్టుకోకూడదని ఒక వాక్యం వేయడానికి ఈ కారణం సరిపోతుంది. ఉబ్బసం ఉన్నవారికీ, పైన్ పుప్పొడి పడనివారికీ, చంటిపిల్లలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. ఇంకొకటి, పది రోజులు దాటినా తగ్గని దగ్గుకు ఏ ఆకు మంచిదన్న చర్చే తప్పు. మా పక్కింటి పెద్దాయనను ఆ సాయంత్రమే కఫ పరీక్షకు పంపించాము.

2021లో కోవిడ్ రెండో అల కాలంలో పైన్ టీలో సురామిన్ అనే మందు ఉందని, అది టీకా దుష్ప్రభావాలను కడిగేస్తుందని వాట్సాప్‌లో ఊరూవాడా తిరిగింది. మీ వ్యాసం చివరి పేరాలో దాని ఛాయ కనిపించింది. సురామిన్ ఏ చెట్టులోనూ ఉండదు. దాదాపు 1916 ప్రాంతంలో జర్మనీలోని బేయర్ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేసిన మందు అది, ఆఫ్రికాలోని నిద్రరోగానికి నరం ద్వారా ఎక్కిస్తారు. పైన్ ఆకులో షికిమిక్ ఆమ్లం ఉండడం మాత్రం నిజమే. మన బిర్యానీలో వేసే అనాసపువ్వులో అంతకంటే ఎక్కువగా ఉంటుంది, ఫ్లూ మందు టామిఫ్లూ తయారీకి దాన్నే ముడిసరుకుగా వాడారు. కర్మాగారంలో అనేక రసాయనిక చర్యలు జరిగాకే ఆ ఆమ్లం మందవుతుంది. అలా కాకపోతే బిర్యానీ తిన్నవారెవరికీ ఫ్లూ రాకూడదు.

మీ పత్రికను నలభై ఏళ్లుగా చదువుతున్న పాఠకురాలిగా నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటులో, ఒక సవరణ వేయండి. అందులో పైన్ సూదుల కట్ట బొమ్మ, దాని పక్కన సరుగుడు రెమ్మ బొమ్మ, యూ కొమ్మ బొమ్మ ఉండాలి. అరగంట మరిగించమన్న మాట తప్పని, గర్భిణులు తాగకూడదని స్పష్టంగా రాయాలి. బొమ్మలు దొరక్కపోతే, అరకు పైన్ కిందనుంచి ఏరి తెచ్చి అట్టకు కుట్టి ఉంచిన నమూనా ఒకటి నా దగ్గర ఉంది. సరుగుడు రెమ్మ మా పక్కింటి గిన్నెలోంచి తీసినదే ఆరబెట్టి దాచాను. మీ విలేకరిని పంపితే రెండూ ఇస్తాను, పని పూర్తయ్యాక పైన్ నమూనా మాత్రం తిరిగి ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
భీమునిపట్నం.